“ప్లీజ్” ఒక్కటే చాలదు

బాసర సరస్వతీ సన్నిధిలో పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి వసంత పంచమి ఉంది. మర్యాదగా అడగడం నేర్పడానికి మాత్రం ముహూర్తమంటూ లేదు. తెలుగులో ఆ విద్య ఇంట్లోనే అబ్బుతుంది. చిక్కల్లా ఇంగ్లీషుతోనే.

ఈ ఊళ్ళోనే 2008లో గ్రామీణ విద్యార్థులకోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వెలిసింది. అందరూ ట్రిపుల్ ఐటీ అనేది దీన్నే. పదో తరగతి కాగానే చేరి ఆరేళ్ళు చదువుతారు. పల్లెబడిలో తెలుగులో చదువుకున్న పిల్లవాడు లెక్కల్లో ఎవరికీ తీసిపోకపోవచ్చు. కాని ఉద్యోగానికో, పై చదువుకో ఒక పెద్దమనిషిని సిఫార్సు ఉత్తరం అడగాలి. “సెండ్ మీ ది లెటర్, ప్లీజ్” అని రాస్తాడు. అతని మనసులో ఉన్నది “పంపండి” అన్న మాటే. మన “అండి”లోని వినయమంతా “ప్లీజ్” మోస్తుందని నమ్మకం. చదివేవారికి అది ఆజ్ఞలా తోస్తుంది. వినయంగల కుర్రవాడు పొగరుబోతుగా కనబడడం చిన్న నష్టమా?

ఇంగ్లీషులో నువ్వన్నా, మీరన్నా “యూ” ఒక్కటే. క్రియకు “అండి” తగిలించే వీలు లేదు. అందుచేత ఆజ్ఞను ప్రశ్నగా మార్చి “కుడ్ యూ సెండ్” అంటారు. కాదనడానికి ఎదుటివారికి సందు వదలడమే అందులోని మర్యాద.

ఇది మనకు కొత్తేమీ కాదు. తరగతిలో నేను వ్యాకరణం చెబుతూ శుభలేఖనే చూపిస్తాను. “విచ్చేయగలరు” అని వేయిస్తాం గదా, ఆ “గలరు” “కుడ్”కు దగ్గర చుట్టమే. “ఒక మాట అడుగుదామని వచ్చానండీ” అంటాం. “ఐ వాజ్ వండరింగ్”లోని భూతకాలమూ అలాంటి వెనుకడుగే. మావైపు చనువున్నచోట “జెర ఆ పుస్తకం ఇయ్యరాదే” అంటారు. రూపం వ్యతిరేకం, భావం బతిమాలడం! పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే పండితులు ఇంగ్లీషును, తమిళాన్ని, మెక్సికోలోని త్సెల్టాల్ భాషను పక్కపక్కన పెట్టి చూచి, అడిగే భారాన్ని తేలిక చేసే ఉపాయాలు ఎక్కడైనా పోలి ఉంటాయని 1978లోనే రాశారు.

కనుక తల్లిదండ్రులకు నా మనవి: “ప్లీజ్” ఒక్కటే వల్లె వేయించి ఊరుకోకండి. పెద్దవారితో తెలుగులో ఎలా అంటాడో ముందు అనిపించి, దాన్నే ప్రశ్నగా మలిచి రాయించండి. నోటితో అడిగేటప్పుడు గొంతు సంగతీ చెప్పండి. “కుడ్ యూ” అనైనా విసురుగా అంటే గద్దింపే. “దయచేయండి” అంటూ అతిథిని లోపలికి పిలుస్తాం, గిట్టనివాణ్ణి బయటికీ పంపుతాం. మాట ఒక్కటే, తేడా అంతా గొంతులోనే ఉంది!