గడప దాటలేని చక్రాల కుర్చీ



గుడివాడ నుంచి ముదినేపల్లి మీదుగా కైకలూరు వెళ్లే దారిలో ఏ వీధిలోకి తిరిగినా ఒక సంగతి కనబడుతుంది. ఇంటి మెట్ల పక్కన మూరెడు వెడల్పున సిమెంటు వాలు ఉంటుంది. రాత్రిళ్లు మోటారు సైకిల్‌ను వరండాలోకి ఎక్కించడానికి కట్టించుకున్నది. బండి కోసం ఇంత ముందుచూపు చూపిన మనం నడవలేని మనిషి కోసం అదే ఇంటికి దారి పెట్టడం లేదు. ఆ బండి వాలు మీద చక్రాల కుర్చీ ఎక్కదు. వెడల్పు చాలదు, ఏటవాలు మరీ ఎక్కువ.

మన ఇళ్లకు ఎత్తు ఎందుకో అందరికీ తెలిసిందే. బుడమేరు పొంగినా, కొల్లేరు ఎగదన్నినా నీరు పల్లపు వీధుల్లోకే వస్తుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంగతి విన్నవారికి ఇంకా చెప్పనక్కరలేదు. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేస్తారు కనుక నిన్న ఎత్తుగా ఉన్న ఇల్లు నేడు పల్లమవుతుంది. అందుకే బేస్‌మెంటు మూడడుగులు లేపమని మేస్త్రి చెబుతాడు. అందులో తప్పు లేదు.

కాని ఆ మూడడుగులకు ఐదారు మెట్లు. పక్షవాతం వచ్చిన పెద్దాయనను దించాలంటే ఇద్దరు చెరోవైపు పట్టాలి. మరుగుదొడ్డి పెరట్లో ఉంటే రోజుకు ఎన్నిసార్లు? పట్టుకునే ఇద్దరూ కూలికి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆయన మంచినీళ్లు కూడా తాగకుండా ఉంటాడు. ఇది ఆయన కాళ్ల వల్ల ఎంత వచ్చిందో, మెట్ల వల్ల కూడా అంతే వచ్చింది.

చట్టం ఏమంటోంది? 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వ భవనాలకు ర్యాంపులు ఉండాలన్నది, అదీ ఆర్థిక స్తోమతను బట్టి. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం ఇంకా గట్టిది. కేంద్రం నిర్ణయించిన ప్రమాణాలు పాటించని సంస్థల ప్లానుకు అనుమతి ఇవ్వకూడదన్నది. బడి, ఆసుపత్రి, బ్యాంకు, మన హాస్టల్ వంటివన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. అయితే 2017 రూల్సులో ఆ ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోయాయి. చూపులేని రాజీవ్ రాటూరి అనే ఆయన 2005లో వేసిన కేసులో హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయం దేశంలోని పరిస్థితిపై నివేదిక ఇచ్చింది. దాన్ని చూసిన సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆ రూలు చెల్లదని, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు మూడు నెలల్లో తేవాలని ఆదేశించింది.

మరి ఇళ్ల మాట? కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా భవన నిబంధనల్లో ర్యాంపుల అధ్యాయం నివాస గృహాలకు వర్తించదని రాసి ఉంది. ఇంకో విచిత్రం చూడండి. 2016 చట్టమే గృహ పథకాల్లో వికలాంగులకు 5 శాతం కేటాయించమంటుంది. ఇల్లు వస్తుంది. ఆ ఇంట్లోకి చక్రాల కుర్చీ వెళ్లే దారి ఉంటుందో లేదో ఎవరూ అడగరు.

ఇతర దేశాల్లో కొందరు గడప దాకా వెళ్లారు. ఇంగ్లండు, వేల్సులలో 1999 నుంచి కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ మెట్లు లేని ప్రవేశం, వెడల్పైన తలుపు, కింది అంతస్తులో మరుగుదొడ్డి ఉండాలని నిబంధన పెట్టారు. స్థలం బాగా ఏటవాలుగా ఉంటే సడలింపు ఉంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని పీమా కౌంటీ 2002లో ఇలాంటిదే తెచ్చింది. నా ఇల్లు నా ఇష్టం అంటూ దాన్ని కోర్టులో సవాలు చేస్తే 2003లో అప్పీలు కోర్టు కౌంటీ పక్షానే తీర్పు ఇచ్చింది. నాకైతే అది సబబే అనిపిస్తుంది. ఇల్లు కట్టినవాడి కాళ్ల కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక మన లెక్క. వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మూడడుగుల బేస్‌మెంటుకు ముప్పై ఆరు అడుగులు! సెంటున్నర స్థలమంటే సుమారు 650 చదరపు అడుగులు. అందులో అంత వాలు ఎక్కడ పడుతుంది? అందుకే ఈ పని ముగ్గు పోయకముందే తేల్చుకోవాలి. మూడడుగులూ గోడ మీద లేపకుండా, ముందు మట్టి తోలించి స్థలం మొత్తాన్ని అడుగున్నర మెరక చేస్తే బేస్‌మెంటు అడుగున్నరే మిగులుతుంది. అప్పుడు ఇంటి పక్క గోడ వెంబడి పద్దెనిమిది అడుగుల వాలు చాలు. వీధి నుంచి మెరక మీదికి ఎక్కే చోట కూడా నున్నని వాలే ఉండాలి, మెట్టు పెడితే అంతా వృథా.

వెడల్పు మూడడుగులకు తగ్గకూడదు. తలుపు ముందు కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును కావాలి. అంచున నాలుగంగుళాల గట్టు లేకపోతే చక్రం జారుతుంది. నున్నని టైల్స్ వద్దు. మన వానలకు పాచి పడుతుంది కనుక సిమెంటు తడిగా ఉన్నప్పుడే చీపురుతో గీతలు లాగించండి. పసుపు రాసే గడప తీయడానికి ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు. ఒప్పించనూ అక్కరలేదు, వాలును పెరటి గుమ్మానికి కలిపి అక్కడ గడప లేకుండా చేయవచ్చు. బాత్రూమ్ తలుపు మాత్రం మరిచిపోకండి. రెండడుగుల తలుపులోంచి మామూలు చక్రాల కుర్చీ పోదు.

ఇప్పటికే కట్టేసిన ఇళ్లకు అంత వాలు కుదరదు. అలాంటప్పుడు మరుగుదొడ్డిని ఇంటి ఎత్తులోనే, పడకగదికి ఆనించి కట్టించడం మొదటి పని. బండి వాలు కట్టిన మేస్త్రే అదీ కడతాడు.