పాత పెళ్ళి రద్దు కాకముందే పార్ట్‌నర్ వీసా

మొదటి పెళ్ళి కాగితాల మీద ఇంకా ఉంది. జీవితం మాత్రం మరొకరితో సాగుతోంది. ఈ స్థితిలో ఉన్నవారికి విదేశీ వీసా ఇవ్వడం న్యాయమేనా?

చట్టప్రకారం ఒకరికి భార్యగానో భర్తగానో ఉంటూనే, ఇంకొకరి భాగస్వామిగా వీసా అడగొచ్చా? ఆస్ట్రేలియాలో అడగొచ్చు. అక్కడ పార్ట్‌నర్ వీసాకు రెండు దారులున్నాయి. ఒకటి పెళ్ళి, రెండోది పెళ్ళి లేకుండా దంపతుల్లా కలిసి బతికే డీ ఫాక్టో బంధం. 1958 నాటి మైగ్రేషన్ చట్టం రెండో దారికి పెట్టిన షరతుల్లో పాత విడాకుల పత్రం లేదు. ఇద్దరి మధ్యా మూడో మనిషికి చోటులేని నిబద్ధత ఉండాలి, బంధం నిజమైనదై కొనసాగుతూ ఉండాలి, ఇద్దరూ కలిసి ఉండాలి, లేదా కనీసం శాశ్వతంగా విడిగా ఉండకూడదు. మామూలుగా దరఖాస్తుకు ముందు 12 నెలలు ఈ బంధం నడిచి ఉండాలి. బ్రిటన్‌దీ దాదాపు ఇదే పద్ధతి. పెళ్ళి కాని భాగస్వాములకు అక్కడ రెండేళ్ల బంధం కావాలి, పాత బంధం శాశ్వతంగా తెగిపోయి ఉండాలి. అమెరికాది వేరే తీరు. ఫియాన్సీ వీసాకైనా, భార్యాభర్తల గ్రీన్‌కార్డుకైనా పాత పెళ్ళి చట్టబద్ధంగా ముగిసి తీరాలి. ఈ రెండు పద్ధతుల్లో ఆస్ట్రేలియా, బ్రిటన్‌లదే న్యాయమైనది. అయితే ఆ న్యాయం నిలబడేది దరఖాస్తుదారు పాత పెళ్ళి గురించి పూర్తిగా నిజం చెప్పినప్పుడే.

ఈ వెసులుబాటు ఎందుకు అవసరమో తెలియాలంటే మన ఫ్యామిలీ కోర్టుల వైపు చూడాలి. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకుంటే పని తేలిక. ఏడాది విడిగా ఉండి పిటిషన్ వేయాలి, ఆపైన ఆరు నెలలు ఆగాలి. ఆ గడువును సందర్భాన్ని బట్టి కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరు ఒప్పుకోకపోతే మాత్రం క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో, చట్టం గుర్తించిన అలాంటి మరో కారణమో నిరూపించాలి. వాయిదాల మీద వాయిదాలతో ఏళ్లు గడిచిపోతాయి. కాపురం ఇక అతకదు అన్న ఒక్క కారణంతో విడాకులిచ్చే సెక్షన్ నేటికీ మన చట్టంలో లేదు. అది కావాలని లా కమిషన్ 1978లో చెప్పింది, 2009లో మళ్లీ చెప్పింది. 2013లో రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించినా, లోక్‌సభ రద్దవడంతో అది మురిగిపోయింది. రాజ్యాంగం 142వ అధికరణ కింద తాను అలాంటి విడాకులు ఇవ్వగలనని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ అధికారం కింది కోర్టులకు లేదు. కనుక కొట్టే భర్తను వదిలి బయటపడిన ఆడమనిషి, అతను సంతకం పెట్టనన్నంత కాలం కాగితం మీద అతని భార్యే. విడాకుల పత్రం తెస్తేనే వీసా అంటే, ఆమె తర్వాతి జీవితం మీద వీటో అధికారం ఆ భర్త చేతిలో పెట్టినట్టే.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇక్కడ భార్యను వదిలేసి అక్కడ ఇంకొకరితో స్థిరపడేవారికి ఇది రాజమార్గం కాదా? తెలుగు రాష్ట్రాల్లో ఎన్నారై అల్లుళ్ల చేతిలో మోసపోయిన ఆడపిల్లల వ్యథలు తెలిసినవాళ్లెవరూ ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేరు. కానీ వీసా నిరాకరించినంత మాత్రాన వదిలేసిన భర్త తిరిగొచ్చి కాపురం చేయడు. విడాకులు తప్పనిసరి అంటే ఆ ఒత్తిడంతా వచ్చి పడేది ఇక్కడున్న భార్య మీదే. ఇరువైపుల పెద్దలూ కూర్చుని ఆమె చేత పరస్పర అంగీకార పత్రాల మీద సంతకం పెట్టించే ప్రయత్నం మొదలవుతుంది. లేదంటే ఆమె వెళ్లి వాదించుకోలేని పరాయి దేశపు కోర్టులో ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకుంటారు. విడాకులు అడగని వీసా ఆమె హక్కుల్లో దేన్నీ ముట్టుకోదు. ఆమె భార్య హోదా, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మనోవర్తి, గృహహింస చట్టం కింద రక్షణ అలాగే ఉంటాయి. తొందరపెట్టి తీసుకున్న విడాకులు ఆమె భార్య హోదాను తుడిచేస్తాయి, మిగతావాటికీ గండి కొట్టే ప్రమాదం ఉంది.

రెండో అభ్యంతరం మోసం గురించి. విడిపోయామని నోటిమాటగా చెబితే నమ్మేయడమేనా? ఎవరూ నమ్మరు. ఆస్ట్రేలియా అధికారులు నాలుగు విషయాలు పరిశీలిస్తారు: డబ్బు లావాదేవీలు, ఇంటి నిర్వహణ, నలుగురిలో గుర్తింపు, ఒకరిపట్ల ఒకరికున్న నిబద్ధత. అన్నిటికన్నా గట్టి పరీక్ష తేదీల దగ్గర ఎదురవుతుంది. ఒక దరఖాస్తుదారు 2021లోనే భార్య నుంచి విడిపోయానని రాశాడనుకుందాం. 2022లో పెట్టుకున్న స్టూడెంట్ వీసా ఫారంలో వివాహితుడని ఉంది, అదే భార్య పేరు ఉంది. అందులో తప్పు లేకపోవచ్చు, చట్టప్రకారం ఆమె భార్యే. కానీ అదే ఫారంలో ఇద్దరికీ ఒకే చిరునామా ఉంటే, తర్వాత ఆమెను డిపెండెంట్‌గా తీసుకురావడానికి ప్రయత్నించి ఉంటే, కొత్త బంధం మొదలైందన్న తేదీ మీద నమ్మకం పోతుంది. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే వీసా తిరస్కరించడంతో ఆగరు, మామూలుగా మూడేళ్ల నిషేధం కూడా పడుతుంది. ఒక ముద్ర కొట్టిన డిక్రీ కాపీని సృష్టించడం కన్నా ఇన్ని కాగితాల్లో పొంతన కుదిరేలా అబద్ధమాడటం చాలా కష్టం. వేరు అద్దె ఒప్పందం, విడి బ్యాంకు ఖాతాలు, విడాకుల పిటిషన్ నంబరు, పిల్లల ఖర్చుకు పంపిన సొమ్ము, వీటిని దాచకుండా ముందుపెట్టినవారికే ఈ నిబంధన అండగా నిలుస్తుంది.

మనవాళ్లు తరచూ పొరబడే చోటు ఇంకొకటుంది. వీసా వచ్చినంత మాత్రాన పాత పెళ్ళి రద్దు కాదు. విదేశీ కోర్టు డిక్రీ తెచ్చుకున్నా రద్దవుతుందన్న భరోసా లేదు. 1975లో తిరుపతిలో పెళ్లాడిన ఒక భర్త, 1980లో అమెరికాలోని మిస్సోరి కోర్టు నుంచి విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. మరుసటేడు యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టింది. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991 జులైలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. హిందూ వివాహ చట్టం గుర్తించని కారణంతో, భార్య ఆ కోర్టు అధికారానికి లోబడకుండా, ఒప్పుకోకుండా వచ్చిన విడాకులు ఆమెను కట్టిపడేయలేవు. ఆ తీర్పు నేటికీ దారిదీపమే. పెళ్ళయినవారు వేరొకరితో కలిసి ఉండటం 2018 నుంచి నేరం కాదు. మొదటి పెళ్ళి ఉండగా రెండో తాళి కట్టడం మాత్రం భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. మొదటి పెళ్ళిని దాచి కడితే పదేళ్ల దాకా. కొత్త బంధానికి బలం చేకూరుతుందని వీసా కోసం గుడిలో పెళ్ళి చేసుకునేవారు నేరుగా ఈ సెక్షన్‌లోకి నడిచి వెళుతున్నారు. ఆ పెళ్ళి ఆస్ట్రేలియా చట్టం దృష్టిలోనూ చెల్లదు.

పెళ్ళి పవిత్రమైనదనేవారితో పేచీ లేదు. ఆ పవిత్రతను కాపాడే బాధ్యత పరాయి దేశపు వీసా కౌంటరుది కాదు. పాత భాగస్వామికి తెలియజేయడం, మనోవర్తి ఎగ్గొట్టకపోవడం, వీసాకు ముందే విడాకుల పిటిషన్ వేయడం, కొత్తగా వచ్చే మనిషికి అంతా చెప్పడం దరఖాస్తుదారు ధర్మం. పార్లమెంటు చేయాల్సిందీ ఉంది. అతకని కాపురాలకు విడాకుల మార్గం తెరవాలి, ఆర్థికంగా నష్టపోయే భార్య అడ్డుచెప్పే హక్కు అందులో ఉండాలి. 2013 బిల్లులో ఈ రెండూ ఉన్నాయి. ప్రవాసుల పెళ్ళిళ్లకు సమగ్ర చట్టం కావాలని లా కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక కూడా సిద్ధంగా ఉంది. ఆ బిల్లునూ, ఈ నివేదిక సూచననూ చట్టంగా మార్చితే, పాత పెళ్ళి కాగితానికీ కొత్త జీవితానికీ మధ్య ఏళ్ల తరబడి నలిగే అవస్థ ఇక్కడ ఆగిన భార్యకూ తప్పుతుంది, అక్కడికి వెళ్లిన భార్యకూ తప్పుతుంది.