బూడిద విషం కాదట!
కుందనపల్లి గోడు ఏ చట్టం కింద వినాలి?

గోదావరిఖని: ఎండాకాలం గాలి లేచిందంటే రామగుండం సమీపంలోని కుందనపల్లి వాసులు ముందుగా చేసే పని తలుపులు, కిటికీలు మూసుకోవడం. ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల మీద, అన్నం గిన్నెల మీద సన్నటి తెల్లని నూగు వచ్చి పడుతుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు దాన్ని దుమ్మనుకుంటారు. అది బూడిదని ఊరివారికి చూడగానే తెలుసు. దగ్గు, ఆయాసం, కళ్ల మంటలు, ఒంటి మీద దురదలతో సతమతమవుతున్నామని, తమను మరో చోటికి తరలించాలని గ్రామస్తులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు.

ఈ బూడిద వస్తున్నది ఎన్టీపీసీ వారి బూడిద చెరువు నుంచి. 1978 నవంబరు 14న నాటి ప్రధాని మొరార్జీ దేశాయ్ రామగుండం థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి యూనిట్ వెలిగింది. 2004 నాటికి ఏడు యూనిట్లతో 2600 మెగావాట్లకు పెరిగింది. మన బొగ్గులో నూటికి ముప్పై నుంచి నలభై పాళ్లు బూడిదే. ఒక యూనిట్ కరెంటుకు ముప్పావు కిలోకు కొంచెం తక్కువ బొగ్గు కాలుతుందనుకుంటే, కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున తేలే బూడిద పది వేల టన్నుల పైమాటే. పొడిగా అమ్ముడు పోగా మిగిలిన దాన్ని నీళ్లలో కలిపి గొట్టాల ద్వారా చెరువుకు పంపుతారు. చెరువంటే చేపలు, తామరలు గుర్తుకొస్తాయి గానీ, ఇందులో నీరు ఇంకిపోయాక మిగిలేది బూడిద మైదానమే. ఆ మైదానం ఎండిన చోటల్లా గాలికి లేస్తుంది.

అటు గోదావరి దాటి పాత ఆదిలాబాద్ జిల్లాలో అడుగు పెడితే జైపూర్ మండలం పెగడపల్లి వద్ద సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రం. ఇటు ఎన్టీపీసీ వారే కట్టిన 1600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు యూనిట్లు 2023, 2024లలో జాతికి అంకితమయ్యాయి. నదికి ఈ ఒడ్డున, ఆ ఒడ్డున ఇంత దగ్గరలో ఇన్ని పొయ్యిలు! కరెంటు తీగల మీద దూరం పోతుంది. బూడిద మాత్రం ఇక్కడే దిగుతుంది.

జాబితాలో లేని వ్యర్థం

గ్రామస్తులు అడిగేది సూటి ప్రశ్న. బూడిదలో సన్నని సిలికా ఉంది. కొద్ది పాళ్లలోనైనా ఆర్సెనిక్, సీసం, పాదరసం, క్రోమియం ఉన్నాయి. మరి దీన్ని విషవ్యర్థంగా ఎందుకు లెక్కించరు?

సర్కారు జవాబు కూడా సూటిగానే ఉంది, చట్టం ఒప్పుకోదు. 1984లో భోపాల్ ఘోరం జరిగిన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల నియమాలు వచ్చాయి. ఆ నియమాలనే 2016లో తిరగరాసినప్పుడు థర్మల్ బూడిదను ‘పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ’ అనే పద్దులో వేసి ప్రమాదకర వ్యర్థాల నుంచి మినహాయించారు. ప్రభావం తక్కువని రాసిన వారు వేసవిలో ఒక్క రాత్రి ఈ ఊళ్లో పడుకుంటే ఆ మాట మార్చేవారేమో!

తేడా ఎంతో తెలియాలంటే హైదరాబాద్ దగ్గరి దుండిగల్ చూడాలి. ఫ్యాక్టరీల విషవ్యర్థాలను పూడ్చడానికి అక్కడ దాదాపు 200 ఎకరాల్లో ఏర్పాటైన కేంద్రం 2001లో పని మొదలుపెట్టింది. అలాంటి చోట అడుగున బంకమట్టి పొర, దానిపై మందపాటి ప్లాస్టిక్ షీటు పరచాలి. ఊరిన నీటిని తోడి శుద్ధి చేయాలి. చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్షిస్తూ ఉండాలి. వ్యర్థం తెచ్చిన ప్రతి లారీకి ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగిందన్న కాగితం ఉండాలి. పాతకాలపు బూడిద చెరువులు తవ్వినప్పుడు సాధారణంగా ఈ షీట్ల ఊసే లేదు.

మన దేశం ఒక్కటే ఇలా తలచిందని కాదు. 2008 డిసెంబరులో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో బూడిద చెరువు కట్ట తెగి ఊళ్ల మీద, నది మీద పడింది. ఏళ్ల తరబడి చర్చించి 2015లో అక్కడి ప్రభుత్వం కూడా బూడిదను ప్రమాదకరం కాని వ్యర్థంగానే ఉంచి, కట్టలకు, నీటి పరీక్షలకు మాత్రం నియమాలు పెట్టింది. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ జిల్లా సాసన్‌లో కట్ట తెగి ప్రాణాలు పోయాయి.

గడువు మీద గడువు

సర్కారు అసలు పట్టించుకోలేదంటే అన్యాయమవుతుంది. 1999 సెప్టెంబరు 14న కేంద్రం మొదటి ఉత్తర్వు ఇచ్చింది. థర్మల్ కేంద్రాలు బూడిదను ఉచితంగా ఇవ్వాలి, చుట్టుపక్కల ఇటుక బట్టీల వారు అందులో కలుపుకోవాలి, కొన్నేళ్లలో మొత్తం బూడిద వినియోగం కావాలి అని దాని సారాంశం. 2003లో సవరించారు. 2009లో మళ్లీ గడువిచ్చారు. 2016లో మూడోసారి సవరించి 2017 డిసెంబరు 31 ఆఖరన్నారు. అదీ దాటింది. చివరకు 2021 డిసెంబరు 31న కొత్త ఉత్తర్వు వచ్చింది. వాడకుండా మిగిలిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. చెరువుల్లో పేరుకున్న పాత బూడిదను పదేళ్లలో ఖాళీ చేయాలన్నారు.

వెయ్యి రూపాయలనగానే ఊరికేదో వస్తుందని ఆశపడే వారున్నారు. ఆ సొమ్ము కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఖాతాకు పోతుంది. దాన్ని మిగిలిన బూడిదను వదిలించడానికే వాడాలి. గ్రామ పంచాయతీకి నేరుగా చేరేది ఏమీ లేదు.

ఇంకో చిక్కుంది. బసంత్‌నగర్, దేవాపూర్ వంటి చోట్లున్న సిమెంటు ఫ్యాక్టరీలకు కావలసింది పొడి బూడిద. సిమెంటులో నూటికి 35 పాళ్ల దాకా దాన్ని కలపవచ్చు. చెరువులో నానిన పాత బూడిదకు వారి దగ్గర గిరాకీ తక్కువ. అది రోడ్ల కట్టలకు, లోతట్టు నేలలు నింపడానికి పోవాలి. అంటే టిప్పర్లు రావాలి. చెరువు ఖాళీ అవుతుందని కుందనపల్లి సంతోషించే లోపే టిప్పర్లు పోయే దారిలోని ఊళ్లకు బూడిద మొదలైంది. టార్పాలిన్లు కప్పకుండా, మోతాదుకు మించి నింపి నడుపుతున్నారన్న ఫిర్యాదులు ఇప్పటికే వచ్చాయి. ఒక ఊరి బాధ తీర్చబోయి నాలుగు ఊళ్లకు పంచినట్టయింది.

పునరావాసం మాటకొస్తే, 2013 భూసేకరణ చట్టం భూమి పోయిన కుటుంబాన్ని చూస్తుంది. భూమి పోకుండా బూడిద మాత్రమే వచ్చి పడిన ఇంటికి అందులో నేరుగా చోటు దొరకదు. తరలించాలన్న దరఖాస్తులు ముందుకు సాగకపోవడానికి ఇదొక కారణం.

పటాన్‌చెరు ఏం చేసింది?

ఇదే తెలుగు నేలపై పటాన్‌చెరు రైతులు మరో దారి పట్టారు. ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో కలిసి పొలాలు, బావులు పాడయ్యాయని 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు వంటి వారు వెన్నంటి నిలిచారు. జిల్లా జడ్జితో విచారణ జరిపించి, నష్టపోయిన రైతులకు కోర్టు పరిహారం ఇప్పించింది. ఏ ఊళ్లో ఏ పొలం, ఎన్ని ఎకరాలు, ఏ బావి అన్న లెక్క ఉండబట్టే ఆ పని సాధ్యమైంది. అయితే కేసు అంతటితో తెగలేదు. హైకోర్టుకు, 2013లో హరిత ట్రిబ్యునల్‌కు మారింది.

ఆ ట్రిబ్యునల్ తలుపు ఇప్పుడు మన ఊళ్లకూ తెరిచే ఉంది. దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. కారణం తలెత్తిన ఆరు నెలల్లో దరఖాస్తు చేయాలి, పరిహారానికైతే ఐదేళ్ల దాకా వీలుంది. అంతకు ముందు రామగుండంలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవడం అవసరం. బావి నీటి పరీక్ష, ఆసుపత్రి చీటీలు, పంట నష్టం రాసిన కాగితం తేదీలతో సహా దాచుకోవాలి. కేంద్రానికి ఇచ్చిన అనుమతుల్లో ఏ షరతులున్నాయో సమాచార హక్కు కింద అడగవచ్చు. నీళ్లు చల్లాలి, చెట్లు పెంచాలి వంటి షరతులు సాధారణంగా అందులోనే ఉంటాయి.

తెలంగాణ ప్రాజెక్టు రెండో దశగా మరో 2400 మెగావాట్ల ప్రతిపాదన కూడా ముందుకు వచ్చింది. ఇలాంటి వాటికి 2006 నాటి ఉత్తర్వు ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి బహిరంగ విచారణ జరపాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. ఎవరెవరు ఏమన్నదీ నమోదు చేసి, సభ ముగిసే ముందు తెలుగులో చదివి వినిపించాలి. చాలామంది ఆ చదివే వేళకు బస్సుకు టైమైందని లేచిపోతుంటారు. తమ మాట అందులో లేకపోతే అక్కడికక్కడే లేచి రాయించవచ్చు.