పెన్‌డ్రైవ్ పెట్టినా బొమ్మ రాదేం?

అండమాన్‌కు సినిమాలు చాలాకాలం ఓడలోనో విమానంలోనో, ఎవరో ఒకరి సంచిలో వచ్చేవి. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల మేర వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతదాకా ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. సెకనుకు ఒక మెగాబిట్ వేగం నిలకడగా దొరికిందనుకున్నా, 500 జీబీ హార్డ్‌డిస్క్‌లో పట్టేంత సరుకు దిగడానికి 46 రోజులు పడుతుంది. అదే హార్డ్‌డిస్క్ విశాఖలో ఓడెక్కితే రెండు మూడు రోజుల్లో రేవు చేరుతుంది. లెక్క ఇలా ఉన్నప్పుడు జనం దేన్ని నమ్ముకుంటారో చెప్పనక్కర్లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. కేబుల్ వచ్చినా, శ్రీకాకుళంలోనో విశాఖలోనో జరిగిన పెళ్ళి వీడియో ఈ తెలుగు ఇళ్ళకు పెన్‌డ్రైవ్‌లో రావడం మానలేదు. తీరా దాన్ని డీవీడీ ప్లేయర్‌కో టీవీకో తగిలిస్తే తెర మీద ఒకటే మాట: ‘ఈ ఫైల్‌ను సపోర్ట్ చేయదు’. కంప్యూటర్‌లో శుభ్రంగా ఆడిన ఫైల్ ఇక్కడెందుకు మొరాయిస్తుంది?

డబ్బా వేరు, సరుకు వేరు

ఫైల్ పేరు చివర ఉండే ఏవీఐ, ఎంకేవీ, ఎంపీ4 అన్నవి డబ్బాల పేర్లు. స్టీలు క్యారేజీని పైనుంచి చూసి లోపల పులుసుందో పెరుగుందో చెప్పలేం కదా, ఇదీ అంతే. బొమ్మను, శబ్దాన్ని, సబ్‌టైటిళ్ళను వేర్వేరుగా కుదించి ఆ డబ్బాలో సర్దుతారు. కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. ఎక్స్‌విడ్ పాతది, 2003లో వచ్చిన హెచ్.264 తర్వాతి తరం, 2013 నాటి హెచ్.265 ఇంకా కొత్తది. కాబట్టి ‘మా టీవీలో ఎంపీ4 ఆడుతుంది’ అన్న మాటకు సగమే అర్థం. లోపల హెచ్.264 ఉన్న ఎంపీ4 ఆడి, హెచ్.265 ఉన్న ఎంపీ4 ఆగిపోవచ్చు. చాలా ఐఫోన్లు 2017 నుంచి వీడియోను మామూలుగా హెచ్.265లోనే తీస్తున్నాయి. ఫోన్లో తీసిన పెళ్ళి పాత టీవీలో కనిపించకపోవడానికి తరచూ కారణం ఇదే.

కంప్యూటర్‌లో వీఎల్‌సీ వంటి ప్లేయర్ కోడెక్‌లను విప్పే ప్రోగ్రాములను తనతోనే తెచ్చుకుంటుంది. కొత్తది వస్తే అప్‌డేట్ చేసుకుంటే సరి. టీవీలోనూ డీవీడీ ప్లేయర్‌లోనూ బొమ్మను విప్పే పని ఒక చిప్‌ది. ఏ పద్ధతిని, ఎంత పరిమాణం వరకు విప్పాలో ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. డివ్‌ఎక్స్ అనే కోడెక్ ముద్ర ఉన్న మామూలు డీవీడీ ప్లేయర్ సాధారణంగా 720×576 చుక్కల బొమ్మ దాటదు. పాత టీవీల్లో చాలావాటికి 8 బిట్ల రంగులే తెలుసు, 10 బిట్ల ఫైల్ ఇస్తే నల్ల తెరో, ముక్కలు ముక్కలుగా చెదిరిన బొమ్మో వస్తుంది.

లక్షణాన్ని బట్టి రోగం

పెన్‌డ్రైవ్ పెట్టినా ఏమీ కనిపించకపోతే తప్పు వీడియోది కాకపోవచ్చు. ఫైళ్ళను సర్దే పద్ధతిని, అంటే ఫార్మాట్‌ను అనుమానించాలి. పాత ప్లేయర్లలో చాలావాటికి ఫ్యాట్32 తప్ప మరొకటి తెలియదు. ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ వాటికి అర్థం కావు. ఫ్యాట్32కీ ఒక హద్దుంది: ఒక ఫైల్ 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 బైట్లు దాటకూడదు. అంటే 4 జీబీ. అంతకన్నా పెద్ద సినిమాను కాపీ చేయబోతే, డ్రైవ్‌లో చోటున్నా కంప్యూటర్ ఒప్పుకోదు. హార్డ్‌డిస్క్ టిక్కుటిక్కుమంటూ ఆగిపోతుంటే కరెంటు చాలకపోవడం కారణం కావచ్చు. యూఎస్‌బీ 2.0 సాకెట్ ఇవ్వాల్సింది 500 మిల్లీయాంప్‌లే, డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగుతుంది.

పేరు కనిపించి, నొక్కితే తెరుచుకోకపోతే కాపీ సగంలో ఆగిందేమో చూడాలి. ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచికను ఫోన్లు, కెమెరాలు ఎంపీ4 ఫైల్ చివర్లో రాస్తాయి. పని పూర్తికాకముందే పెన్‌డ్రైవ్ లాగేస్తే ఆ తోక తెగిపోతుంది. అప్పుడు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు వీడియో ఉన్నా ప్లేయర్ ఒక్క దృశ్యం కూడా చూపలేదు. అసలు ఫైల్, కాపీ రెండిటి సైజూ బైట్లలో సరిచూస్తే సంగతి తేలుతుంది.

బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే అది శబ్దపు కోడెక్ గొడవ. డీటీఎస్ వంటి వాటికి లైసెన్సు కట్టాలి కాబట్టి కొందరు తయారీదారులు వాటిని వదిలేస్తారు. సబ్‌టైటిళ్ళ చోట గళ్ళు కనిపిస్తే ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం. అలాంటప్పుడు అక్షరాలను బొమ్మ మీదే శాశ్వతంగా ముద్రించుకోవాలి.

పెన్‌డ్రైవ్ కాక డీవీడీ డిస్క్ అయితే, రికార్డ్ చేశాక ‘ఫైనలైజ్’ చేశారో లేదో కనుక్కోవాలి. చేయని డిస్క్ రాసిన యంత్రంలో ఆడుతుంది, వేరేవాటిలో తరచూ ఆడదు.

మందు ఏమిటి?

ముందుగా కంప్యూటర్‌లో మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో ఫైల్ తెరవండి. డబ్బా, బొమ్మ కోడెక్, బిట్లు, శబ్దపు కోడెక్ అన్నీ వరసగా చూపిస్తుంది. ప్లేయర్‌తో వచ్చిన పుస్తకంలోని జాబితాతో పోల్చండి. సరుకు సరిపోయి డబ్బా ఒక్కటే తేడా అయితే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంతో డబ్బా మార్చుకోవచ్చు. నిమిషాల్లో పనైపోతుంది, బొమ్మ నాణ్యత ఇసుమంతా తగ్గదు. శబ్దం ఒక్కటే తేడా అయితే శబ్దాన్నే మార్చాలి, బొమ్మను ముట్టుకోవద్దు. బొమ్మ కోడెక్ కుదరనప్పుడే హ్యాండ్‌బ్రేక్ లాంటి ప్రోగ్రాంతో పూర్తిగా మార్చాలి. ఇందుకు గంటలు పట్టొచ్చు, నాణ్యతా కొంత పోతుంది. ఫైల్ పేరులో ఎంకేవీ చెరిపి ఎంపీ4 అని రాయడం మాత్రం మందు కాదు.

దీవుల్లోని బంధువులకు వీడియో పంపేవారు వాళ్ళ దగ్గరున్నది ఏ ప్లేయరో ముందే అడిగి పంపితే చిక్కే ఉండదు. టీవీ అయితే ఎంపీ4 డబ్బాలో 8 బిట్ల హెచ్.264, ఏఏసీ శబ్దం, 4 జీబీ లోపు సైజు, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ చాలు. పాత డీవీడీ ప్లేయర్ అయితే ఏవీఐ డబ్బాలో ఎక్స్‌విడ్, ఎంపీ3 శబ్దం, 720×576 లోపు బొమ్మ. మార్చిన ఫైల్ ఆడింది కదా అని అసలుదాన్ని మాత్రం చెరిపేయకండి. పోయిన నాణ్యతను వెనక్కి తెచ్చే ప్రోగ్రాం లేదు.