గూడుబండ్ల సినిమాకు మంద దొరికిన దీవి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో సిరక్యూస్ ఊరు దాటితే రోడ్డు గ్రేట్ సాల్ట్ లేక్ మీదికే ఎక్కుతుంది. అటూ ఇటూ ఉప్పు మెరిసే నేల, అక్కడక్కడా నీరు, మధ్యలో 7 మైళ్ల కట్ట. దాని చివర ఉన్నది యాంటిలోప్ ఐలాండ్. 15 మైళ్ల పొడవు, వెన్నెముకలా కొండలు, వాటి కింద ఎండుగడ్డి. 1845లో ఇక్కడ జింకలను వేటాడి కడుపు నింపుకున్న అన్వేషకుడు ఫ్రీమాంట్ ఆ జింకల పేరే దీవికి పెట్టాడు.

ఇప్పుడు జనం వచ్చేది మాత్రం బైసన్ల కోసం. మన పాపికొండల అడవిదున్నకు దూరపు చుట్టం అనుకోవచ్చు. మూపున గుట్టంత కండ, మెడ చుట్టూ ముదురు జూలు. రోడ్డుకు అడ్డంగా నిలబడిందంటే అది కదిలేదాకా కార్లు ఆగాల్సిందే. చూస్తే అనాదిగా ఇక్కడే మేస్తున్నట్టుంటాయి కానీ, ఇవీ వలస వచ్చినవే. మైదానాల్లో బైసన్ల జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిన రోజుల్లో, 1893లో విలియం గ్లాస్‌మన్, జాన్ డూలీ అనే ఇద్దరు 12 బైసన్లను పడవలో తెచ్చి ఇక్కడ వదిలారు. ఈ మందకు మూలం ఆ పన్నెండే.

ముప్పై ఏళ్లు గడవకుండానే ఆ మందకు సినిమా వేషం వచ్చింది. ఎమర్సన్ హఫ్ నవల ఆధారంగా ‘ది కవర్డ్ వ్యాగన్’ అనే మూకీ తీస్తున్న దర్శకుడు జేమ్స్ క్రూజ్‌కు బైసన్ల వేట కావలసి వచ్చింది. ఆయన పుట్టింది ఈ సరస్సుకు దగ్గర్లోని ఆగ్డెన్ ప్రాంతంలోనే. కథాకాలం 1848, గూడుబండ్లలో ఆరెగాన్‌కు బయలుదేరిన వలసదారుల ప్రయాణం. బండ్ల ఘట్టాలను నెవాడా, యూటాల్లో పలుచోట్ల తీశారు. మంద పరుగు, వేట మాత్రం ఈ దీవిలో. ఆ చిత్రీకరణలో 7 బైసన్లు తుపాకులకు నిజంగానే బలయ్యాయి.

సినిమాలోని గూడుబండ్లన్నీ ఆర్ట్ డైరెక్టర్ చేయించినవి కావు. తాతలు పడమటికి తోలుకొచ్చిన అసలు బండ్లను ఇళ్లలో అపురూపంగా దాచుకున్న కుటుంబాలుంటే, సినిమా తీస్తున్న పారమౌంట్ సంస్థ వాళ్లు ‘రోజుకు 2 డాలర్లు, పశువులకు మేత’ అని కబురు పెట్టారు. వాళ్లు బండ్లతో సహా వచ్చేశారు. తెరమీద పగ్గాలు పట్టుకుని కనిపించే మనుషుల్లో చాలామంది వాళ్లే. ఆ బండ్ల దగ్గరే వండుకుని, ఆ బండ్లలోనే పడుకున్న వాళ్లకు నటన నేర్పే పని పడలేదు. కథానాయకుడి ప్రేమ సంగతి ఇవాళ చూస్తే నీరసంగా ఉంటుంది గానీ, బండ్ల బారు కదిలినప్పుడు కళ్లు తిప్పుకోలేం. సినిమా కోసం అరాపహో అనే ఆదివాసీ తెగవారిని వయోమింగ్ నుంచి తీసుకొచ్చిన టిమ్ మెక్కాయ్, వాళ్ల సైగల భాష తెలిసినవాడు. 1923 మార్చి 16న సినిమా న్యూయార్క్‌లో విడుదలైంది. నవల రాసిన హఫ్ ఆ తర్వాత ఆరు వారాలకే కన్నుమూశాడు.

దీవి తూర్పు ఒడ్డున, ఊటనీళ్లు దొరికే చోట, పచ్చి ఇటుకల ఇల్లొకటి ఉంది. కట్టించినవాడు ఫీల్డింగ్ గార్ అనే మోర్మన్ పశువుల కాపరి. కట్టింది 1848లో, అచ్చంగా సినిమా కథ నడిచే ఏడాదే. 1981 వరకు ఆ ఇంట్లో ఎవరో ఒకరు కాపురం ఉంటూనే వచ్చారు. అసలైన వలసదారుడి గడప ఇక్కడే ఉండగా, వలసదారుల సినిమావాళ్లు ఇదే దీవికి బైసన్లను వెతుక్కుంటూ వచ్చారన్నమాట.

సాల్ట్ లేక్ సిటీ నుంచి ఇక్కడికి కారులో దాదాపు గంట ప్రయాణం. కట్ట మొదట్లోనే బండికి ఇంతని రుసుము కట్టించుకుంటారు. గార్ ఇంటికి వెళ్లాలంటే తూర్పు ఒడ్డు రోడ్డు పట్టాలి. వసంతంలో కుట్టే చిన్న ఈగల బెడద ఎక్కువ. వెళ్తే అక్టోబరు ఆఖరున వెళ్లాలి. అప్పుడు గుర్రాల మీద మనుషులు మందనంతా ఉత్తరపు కొసకు తోలుతారు. తర్వాత ఒక్కో బైసన్‌నూ దొడ్డిలో నిలబెట్టి పరీక్షించి, టీకాలు వేస్తారు.