రాయపూరు మైదానంలో రాని యుద్ధానికి సన్నాహం

1945 జూలై నెల. ఛత్తీస్‌గఢ్ మైదానమంతటా వర్షాలు జోరందుకొని, రైతులు వరిపొలాల పనుల్లో మునిగివున్న సమయం. రాయపూరు వైమానిక స్థావరంలో నాలుగేసి ఇంజన్లు గల భారీ విమానాలు వచ్చి వాలసాగాయి. అవి బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్సు 298వ స్క్వాడ్రనుకు చెందిన హాలిఫాక్స్ విమానాలు. అంతకు ఏడాది క్రితం, 1944 జూన్ 6 తెల్లవారకముందే, ఈ స్క్వాడ్రను సైనికులతో నిండిన గ్లైడర్లను మోకులతో లాగుకొనిపోయి నార్మండీ తీరాన విడిచివచ్చింది. ఐరోపాలో యుద్ధం మే నెలలోనే ముగిసింది. మరి రాయపూరులో వాటికేమి పని?

జపానుతో యుద్ధం ఇంకా ముగియలేదు. మే మొదటివారంలో రంగూన్ మిత్రరాజ్యాల వశమైంది. తరువాతి లక్ష్యం మలయా, ఆపైన సింగపూరు. ఆగ్నేయాసియాలో జరుగనున్న ఆ మహా సంగ్రామానికి ఆకాశం నుండి దిగే సేనలు కావాలి. అందుకే నేటి ఛత్తీస్‌గఢ్ అయిన ఆనాటి మధ్యపరగణాల మైదానం శిక్షణరంగమైంది.

ఈ ప్రాంతానికి గల అనుకూలతలు తెలుగువారికి సులభంగా బోధపడతాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడ్డాయి. తూర్పుతీరం శత్రువుకు అందుబాటులో ఉందని ఆనాడే తేలిపోయింది. రాయపూరు తీరానికి దూరంగా, లోతట్టున ఉన్నది. నేల చదునైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధానమార్గం ఈ ఊరి మీదుగానే హౌరాకు పోతుంది. 1931లో పూర్తయిన మరొక మార్గం దీనిని విజయనగరంతో కలిపింది. ఆ రైల్వేలో కొలువులకు వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో రాయపూరు, బిలాసపూరులలో స్థిరపడ్డాయి.

సికిందరాబాదు నుండి బిలాసపూరుకు

ఆకాశసేనకు పునాది తెలుగునేల మీదనే పడింది. 1944 చివర సికిందరాబాదులో 44వ భారత ఎయిర్‌బోర్న్ డివిజను రూపొందింది. దాని అధిపతి మేజర్ జనరల్ ఎరిక్ డౌన్. 1945లో ఆ డివిజను రాయపూరుకు ఉత్తరాన ఉన్న బిలాసపూరు ప్రాంతానికి తరలింది.

అందులోని వారందరూ కొత్తవారు కారు. 50వ పారాచూట్ బ్రిగేడు 1941లో ఢిల్లీలో పుట్టింది. ఆ ఏడాది అక్టోబరులో కరాచీ వద్ద విమానం నుండి దుమికిన తొలి భారతీయులు సైనికవైద్యుడు ఎ.జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురాసింగ్. 1944 మార్చిలో ఇదే బ్రిగేడు మణిపురంలోని సాంగ్‌షాక్ వద్ద కాలిబంట్ల వలె పోరాడి, ఇంఫాల్, కోహిమాల వైపు వస్తున్న జపాను సేనలను అమూల్యమైన కొన్ని దినాలు నిలువరించింది. అందుకు ఎందరినో బలియిచ్చుకున్నది. 77వ బ్రిగేడు వింగేట్ నాయకత్వాన బర్మా అడవులలో శత్రువు వెనుక పోరాడిన చిండిట్ దళం. అంతటి యోధులు కూడా ఇప్పుడు మళ్లీ విద్యార్థులయ్యారు.

ఒక్క సెకను విలువ

పారాచూట్ శిక్షణలో మొదటి పాఠం నేలమీదనే. కాళ్లు రెండూ చేర్చి, మోకాళ్లు కొద్దిగా వంచి, నేల తాకగానే పక్కకు దొర్లడం అలవరచుకోవాలి. లేకుంటే ఎముకలు విరుగుతాయి. అటుపిమ్మట విమానం. డకోటా విమానంలో ఇరవైమంది వరుసగా కూర్చుంటారు. ఎర్రదీపం వెలగగానే లేచి సిద్ధం కావాలి. పచ్చదీపం వెలగగానే తలుపులోంచి దుమకాలి. ఒక్కొక్కరి పారాచూట్‌కు గల పట్టీ విమానంలోని తీగకు తగిలించి ఉంటుంది. మనిషి బయటకు పడగానే ఆ పట్టీయే గొడుగును లాగి విప్పుతుంది.

తలుపు వద్ద తటపటాయింపు పనికిరాదు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఒక్క సెకనులో దాదాపు 44 మీటర్లు ముందుకు సాగుతుంది. ఇరవైమంది సెకనుకు ఒకరు చొప్పున దుమికితే మొదటివానికీ చివరివానికీ నడుమ ఎనిమిది వందల మీటర్ల దూరం ఏర్పడుతుంది. ప్రతివాడూ మరొక్క సెకను జాగు చేస్తే అది రెట్టింపవుతుంది. చీకటిలో, శత్రువు నేలపై, ఒంటరిగా దిగిన సైనికుని గతి ఊహించుకోవచ్చు. ధైర్యం కంటె అలవాటే అక్కడ మనిషిని కాపాడుతుంది.

కంటికి కనిపించని మరో శ్రమ పారాచూట్‌లు మడతపెట్టేవారిది. వానాకాలపు తేమ గొడుగుగుడ్డకు శత్రువు. వాడిన ప్రతి పారాచూట్‌నూ వేలాడదీసి ఆరబెట్టి, మడతలు, తాళ్లు సరిచూసి కట్టాలి. ఒక మడత తప్పితే ఒక ప్రాణం పోతుంది. ఇక మలేరియా! ఆగ్నేయాసియా సేనలలో ప్రతి సైనికుడూ మెపాక్రిన్ మాత్ర మింగవలసిందే. ఆ మాత్రలతో ఒళ్లు పసుపురంగుకు తిరిగినా తప్పదు.

హాలిఫాక్స్ విమానాల పాత్ర వేరు. ఏడు టన్నుల బరువును, అనగా ఒక చిన్న టాంకును మోయగల హామిల్‌కార్ గ్లైడరును లాగగలిగే సత్తువ వాటికి ఉన్నది.

ఆగిపోయిన గడియారం

ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై అణుబాంబులు పడ్డాయి. 15న జపాను లొంగుబాటు ప్రకటన వెలువడింది. సెప్టెంబరు 9న మిత్రసేనలు మలయాలో దిగినప్పుడు ఎదిరించినవారు లేరు. అయినా తీరంలోని మెత్తని నేలలో వాహనాలెన్నో కూరుకుపోయాయి. శత్రువు తుపాకులు పేలివుంటే ఆ దినం ఎలా గడిచేదో చెప్పనక్కరలేదు. మధ్యపరగణాల మైదానంలో ఎదురుచూసిన యువకులెందరో ఆ విధంగా బతికి బయటపడ్డారు. 298వ స్క్వాడ్రను 1946 చివర రద్దయింది.

అయితే నేర్చిన విద్య వృథా కాలేదు. 1947 విభజనలో 50, 77 బ్రిగేడులు భారతదేశానికి, 14వ బ్రిగేడు పాకిస్తానుకు దక్కాయి. ఒకే డివిజనుగా మెలగిన దళాలు రెండు దేశాల పాలయ్యాయి. వెంటనే కాశ్మీరులో యుద్ధం వచ్చింది. 50వ బ్రిగేడును నడిపిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ 1948 జూలై 3న ఝంగర్ వద్ద వీరమరణం పొందాడు. 77వ బ్రిగేడు ఆ ఏడాది నవంబరులో జోజీలా కనుమను ఛేదించింది. అవి కూడా కాలినడకన చేసిన యుద్ధాలే.

ఆకాశం నుండి దిగే అవకాశం 1971 డిసెంబరు 11న వచ్చింది. 50వ బ్రిగేడుకు చెందిన 2వ పారా బెటాలియను తూర్పు పాకిస్తానులోని టంగైల్ వద్ద దిగి, ఢాకాకు మరలుతున్న పాక్ సేనల దారికి అడ్డుపడింది. అయిదు దినాలకు ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది.

నేడు రాయపూరు విమానాశ్రయం మానాలో ఉన్నది. తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన శరణార్థులకు 1964 నుండి ఆ మానాలోనే శిబిరం నడిచింది. 1971లో ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చినవారికి కూడా అక్కడ చోటు దొరికింది. టంగైల్‌పై గొడుగులు విచ్చుకున్న నాడు, ఆ విజయం కోసం ఇళ్లు వదలిన వేలమంది రాయపూరు మైదానంలోనే ఎదురుచూస్తున్నారు.