ఊపిరి పలికే సాక్ష్యం

నిందితుడు నోరు విప్పకుండా ఉండవచ్చుననుట నాగరిక న్యాయశాస్త్రం అంగీకరించిన సూత్రం. కాని మద్యం సేవించి వాహనం నడిపినవాని విషయంలో అతడు మౌనం వహించినా అతని ఊపిరి, అతని రక్తం సాక్ష్యం చెప్పగలవు. అతని ఇష్టానికి వ్యతిరేకంగా ఆ సాక్ష్యాన్ని రాబట్టే అధికారం ప్రభుత్వానికి కలదా? ఈ ప్రశ్నపై అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దీర్ఘకాలంగా సాగిన చర్చ మనకు కూడా ఆలోచింపదగినది.

ముందుగా పరీక్ష సంగతి తెలుసుకొందాం. త్రాగిన మద్యం జీర్ణకోశం నుండి రక్తంలో కలుస్తుంది. రక్తం ఊపిరితిత్తుల గుండా ప్రవహించేటప్పుడు కొంత ఆల్కహాలు ఆవిరియై నిశ్వాసంతో వెలువడుతుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల నిశ్వాసంలోని ఆల్కహాలు ఒక మిల్లీలీటరు రక్తంలోని ఆల్కహాలుకు సమానమని లెక్క. ఈ సూత్రం ఆధారంగానే 1954లో ఇండియానా రాష్ట్ర పోలీసు అధికారి రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 'బ్రెతలైజర్' యంత్రాన్ని రూపొందించాడు. అందులోని పొటాషియం డైక్రోమేటు ద్రావణపు పసుపు వన్నె ఆల్కహాలు సోకగానే తగ్గుతుంది. మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులెరిగిన ఆక్సీకరణ చర్యయే ఇది. నేటి యంత్రాలలో పరారుణ కిరణాలను, ఫ్యూయల్ సెల్లులను ఉపయోగిస్తున్నారు.

యంత్రం ఎంత గొప్పదైనా, పట్టుబడినవాడు ఊదనంటే ఏమి చేయాలి? న్యూయార్క్ రాష్ట్రం 1953లోనే దీనికొక మార్గం చూపింది. రాష్ట్రపు రహదారిపై వాహనం నడిపినవాడు పరీక్షకు ముందే సమ్మతించినట్లు భావింపబడతాడు. నిరాకరిస్తే లైసెన్సు పోతుంది. ఇదే 'ఇంప్లైడ్ కన్సెంట్', అనగా గర్భిత సమ్మతి. క్రమంగా అన్ని రాష్ట్రాలు ఇట్టి శాసనాలు చేసికొన్నాయి.

అయితే కాదనుటకు వీలులేని సమ్మతిని సమ్మతి అనవచ్చునా? 1966లో ష్మెర్బర్ కేసులో, ప్రమాదానంతరం ఆసుపత్రిలో ఉన్న నిందితుడు వద్దన్నా రక్తం తీశారు. రక్తం వాఙ్మూలం కాదు గనుక, స్వీయ దోషారోపణ నిషేధం దానికి వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. రక్తంలో ఆల్కహాలు గడచేకొద్దీ తరిగిపోతుందన్న ఒక్క కారణం, ప్రతి సందర్భంలోను వారంటు లేకుండా రక్తం తీయుటకు చాలదని 2013లో అదే న్యాయస్థానం నిర్ణయించింది. 2016లో బర్చ్‌ఫీల్డ్ కేసులో మరొక అడుగు వేసి, అరెస్టయినవానికి శ్వాసపరీక్ష వారంటు లేకుండానే జరపవచ్చుననీ, వారంటు లేని రక్తపరీక్షను నిరాకరించుటను మాత్రం నేరంగా శిక్షింపరాదనీ తేల్చింది. ఊపిరి ఎలాగూ విడువవలసినదే. రక్తం తీయాలంటే చర్మాన్ని ఛేదించి సూది దింపాలి. తీర్పులోని తారతమ్యం ఇదే.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించితే నేరమన్నది. అమెరికాలో అత్యధిక రాష్ట్రాల పరిమితి 80 మిల్లీగ్రాములు. మన చట్టంలోని 205వ సెక్షను ప్రకారం తగిన కారణం లేకుండా పరీక్షను నిరాకరించుట నిందితునికి ప్రతికూలంగా పరిగణింపబడవచ్చును. వ్రేలిముద్రల వంటివి ఇచ్చుట తనపై తాను సాక్ష్యమిచ్చుట కాదని మన సుప్రీంకోర్టు 1961లోనే కాఠీ కాలూ ఓఘడ్ కేసులో చెప్పియున్నది.

ఉన్నత విద్యకై విదేశాలకు వెళ్లే మన విద్యార్థులు అక్కడ లైసెన్సు తీసికొని వాహనం నడుపునప్పుడు ఈ గర్భిత సమ్మతిని గుర్తుంచుకోవాలి. త్రాగినవాని వాహనం క్రింద పడి మరణించే బాటసారి సమ్మతిని ఎవరూ అడుగలేదు. అతని ప్రాణాన్ని కాపాడవలసిందే. నిందితుని దేహాన్నీ గౌరవించవలసిందే. దేహంలోనికి చట్టం ఎంత లోతుగా చేయి చాపితే, ఆ చేతిపై న్యాయమూర్తి కన్ను అంత జాగరూకతతో ఉండాలి. ఈ రెండు ధర్మాల మధ్య సమతూకమే న్యాయం.